మధ్యస్థ మరుపు

జలమార్గాల సంస్థలో పడవలు నడవడం మానేసి చాలా ఏళ్ళయింది. సంస్థ మాత్రం నడుస్తూనే ఉంది. రాజమండ్రిలో గోదావరి గట్టుకు రెండు వీధుల ఇవతల దానికో మేడ, మేడ మీద ఒక బోర్డు, బోర్డు కింద స్టూలు వేసుకుని ఒక వాచ్‌మన్. పనిచేసే ఉద్యోగులకంటే పెన్షనర్లు ఎక్కువైపోవడంతో సంస్థలోని విభాగాలన్నిటిలోకీ వైద్య విభాగమే పెద్దదైంది. కింద మందుల కిటికీ. పైన ముఖ్య వైద్యాధికారి డాక్టర్ విరూపాక్షరావుగారి గది.

విరూపాక్షరావుగారు చెడ్డవారు కారు. లంచం ముట్టరు. వేళకి వస్తారు. కాకపోతే ఎక్కడ ఏ సదస్సు జరిగినా వెళ్ళి, అక్కడ విన్నది తిరిగొచ్చిన మర్నాడే అమలు చేసేస్తారు. అంతకుముందు ఏడాది నవ్వు ఆరోగ్యానికి మంచిదని విని వచ్చి, నవ్వనివాళ్ళకి మందులివ్వద్దని కిటికీకి ఉత్తర్వు పంపారు. కీళ్ళనొప్పులవాళ్ళు ఆ ఏడాదంతా మూలుగుతూనే నవ్వారు.

ఈసారి హైదరాబాదు సదస్సులో ఒక పరిశోధకురాలు మాట్లాడింది. చక్కెర జబ్బుకి ఎప్పటినుంచో వాడుతున్న మామూలు బిళ్ళ ఒకటుంది కదా, అది వేసుకునే పెద్దవాళ్ళలో మతిమరుపు జబ్బు కాస్త తక్కువగా కనిపిస్తోందని ఆవిడ చెప్పింది. అది బిళ్ళ గొప్పతనమో, బిళ్ళ కోసం క్రమం తప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళడం వల్ల కలిగిన మేలో ఇంకా తేలలేదని, కొందరి పరిశోధనల్లో లెక్కలు దీనికి విరుద్ధంగా కూడా వచ్చాయని, తొందరపడవద్దని కూడా చెప్పింది. ఈ రెండో సగం చెప్పేసరికి భోజనాలు మొదలయ్యాయి. విరూపాక్షరావుగారు అప్పటికే ప్లేటు పట్టుకుని వరసలో ఉన్నారు.

తిరిగొచ్చిన మర్నాడు ఉత్తర్వు వెలువడింది.

"అరువది సంవత్సరములు దాటిన లబ్ధిదారుల స్మృతి సంరక్షణను దృష్టియందుంచుకొని, సదరు మాత్రను చక్కెర వ్యాధి మందుల పట్టిక నుండి తొలగించి స్మృతి సంరక్షక మందుల పట్టికయందు చేర్చడమైనది. ఇకమీదట సదరు మాత్రను కోరు లబ్ధిదారులు తమ స్మృతి స్థాయిని నిరూపించుకొనవలసి యుండును."

ఆ ఉత్తర్వు వచ్చిన వారంలోనే భ్రమరాంబ తన నెల మందుల కోసం కిటికీ దగ్గరికి వచ్చింది.

భ్రమరాంబ ఆ సంస్థలోనే హెడ్ టైపిస్టుగా రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. డెబ్భై దాటాయి. షుగరు వచ్చి చాలా కాలమైనా, ఆ బిళ్ళ పుణ్యమా అని అదుపులోనే ఉంది. ఆమెతో ఉండేది చెల్లెలు సీతారత్నం. భర్త పోయాక అక్క దగ్గరికి వచ్చేసింది. ఇద్దరూ దానవాయిపేటలో ఒక మేడ కింది వాటాలో అద్దెకుంటున్నారు. సంస్థ కార్డులో సీతారత్నం 'ఆశ్రితురాలు'. ఇంట్లో మాత్రం వంట, బ్యాంకు, గ్యాసువాడితో తగువు అన్నీ ఆమెవే. ఎందుకంటే ఏడాదిగా అక్క మరిచిపోతోంది. తిన్నానో లేదో మరిచిపోతుంది. స్నానం చేసి వచ్చి మళ్ళీ తువ్వాలు తీసుకుని వెళ్తుంది. పాతవి మాత్రం ఒక్కటీ మరిచిపోదు.

కిటికీలో కూర్చునే ఫార్మసిస్టు తాతాజీ ఇద్దర్నీ చూసి లేచి నిలబడ్డాడు.

"అమ్మగారూ, మిగతా మందులన్నీ ఇచ్చేస్తానండి. షుగర్ బిళ్ళ మాత్రం నా చేతిలో లేదండి, ఆయ్."

"అయిపోయిందా?" అంది సీతారత్నం.

"అయిపోలేదండి. అది ఇప్పుడు షుగర్ బిళ్ళ కాదండి. జ్ఞాపకం బిళ్ళండి. పైకెళ్ళి పరీక్ష చేయించుకుని రావాలండి."

"షుగరు టెస్టు కాగితం తెచ్చాం కదయ్యా."

"షుగరు ఎంతున్నా ఫర్వాలేదంటండి. జ్ఞాపకం ఎంతుందో కావాలంటండి."

పైన విరూపాక్షరావుగారు స్వయంగా పరీక్ష చేస్తున్నారు. ప్రశ్నలు పది. ఎనిమిది, అంతకు మించి జవాబులు చెప్పినవారిది 'పూర్ణ స్మృతి'. నాలుగు కూడా చెప్పలేనివారిది 'స్మృతి శూన్యత'. ఈ రెంటికీ నడుమ ఉన్నవారిది 'మధ్యస్థ మరుపు'.

డాక్టరుగారు గొంతు సవరించుకున్నారు.

"సంస్థ స్థాపన జరిగిన సంవత్సరం?"

భ్రమరాంబ చెప్పింది. నెల, తేదీ కూడా చెప్పింది.

"సంస్థ ఆదర్శ వాక్యం?"

"'జలమే బలము, గమ్యమే ధనము'. బలము తరవాత కామా ఉండాలండి. మొదట్లో కామా లేకుండా అచ్చేసేరు. నేనే చెప్పి పెట్టించేను."

మొదటి అధ్యక్షుడి పేరు అడిగితే ఇంటిపేరు పొడి అక్షరాలతో సహా చెప్పి, ఆయన సంతకం ఎంత పొట్టిగా ఉండేదో గాలిలో రాసి చూపించింది. డాక్టరుగారు ప్రశ్నలన్నీ సంస్థ చరిత్ర పుస్తకంలోంచి తీశారు. ఆ పుస్తకం టైపు చేసింది భ్రమరాంబే.

"పదికి పది!" అన్నారు డాక్టరుగారు. "పూర్ణ స్మృతి. అభినందనలమ్మా. మాత్ర తన కర్తవ్యాన్ని సంపూర్ణంగా నెరవేర్చింది. ఇక దాని అవసరం లేదు. నిలిపివేస్తున్నాం."

"బాబూ, ఆవిడకి షుగరండి," అంది సీతారత్నం.

"షుగరు ఈ విభాగం పరిధిలోకి రాదమ్మా."

"పోనీ షుగరు విభాగం వాళ్ళు ఇస్తారా?"

"వారి పట్టికలో ఆ మాత్ర లేదు కదా."

"ఈవిడకి మరుపు కూడా ఉందండి. పొద్దున్న ఏం తిందో ఒక్కసారి అడగండి."

డాక్టరుగారు కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు. "అది ప్రశ్నావళిలో లేదమ్మా."

ఇంటికొస్తున్నంతసేపూ భ్రమరాంబ సంతోషంగా ఉంది. ఎదురింటివాళ్ళని పిలిచి పదికి పది వచ్చాయని చెప్పింది. కాసేపాగి మళ్ళీ వెళ్ళి చెప్పింది. సాయంత్రం మళ్ళీ వెళ్ళబోతుంటే సీతారత్నం చెయ్యిపట్టుకుని ఆపింది.

బయట కొనుక్కుంటే పోతుంది కదా అనుకుంది సీతారత్నం. అదేమంత ఖరీదైన మందు కాదు. కాని ఊళ్ళో ఏ మందుల షాపులోనూ బిళ్ళ లేదు. జలమార్గాల సంస్థ జ్ఞాపకశక్తికి మాత్రలిస్తోందన్న వార్త పేపర్లో పడింది. ఇంటర్ పిల్లల తల్లిదండ్రులు డబ్బాలకు డబ్బాలు కొనుక్కుపోయారు. గ్రూప్స్‌కి చదివేవాళ్ళు పొద్దున్నే షాపులు తెరవకముందే వచ్చి నిలబడుతున్నారు. ఒక షాపతను సీతారత్నం చూపించిన పాత చీటీ చూసి, "షుగరు కోసం అడిగినవాళ్ళు ఈ వారంలో మీరొక్కరేనండి," అన్నాడు ఆశ్చర్యంగా.

చివరికి ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన మంచివాడు. పాత బిళ్ళ దొరికేదాకా అని వేరే బిళ్ళ రాశాడు. ఆ బిళ్ళ భ్రమరాంబకి పడలేదు. వేసుకున్న కొద్ది రోజులకే చక్కెర ఒక్కసారిగా పడిపోయి, చెమటలు పట్టి, వంటింట్లో కూలిపోయింది. తల పగల్లేదు గాని మోచెయ్యి చీరుకుపోయింది. సీతారత్నం ఆమె నోట్లో పంచదార నీళ్ళు పోస్తూ ఏడ్చింది. డాక్టరు ఆ బిళ్ళ మాన్పించాడు.

"ఈవిడ ఒంటికి పాతదే సరిపడుతుందమ్మా. ఎలాగైనా సంపాదించండి," అన్నాడు.

ఏ బిళ్ళా లేకపోయేసరికి షుగరు పెరిగింది. భ్రమరాంబ బిందెలకొద్దీ నీళ్ళు తాగుతోంది. కూర్చున్నచోటే నిద్రపోతోంది. దాంతోపాటు మరుపూ పెరిగింది. ఒకరోజు పొద్దున్న సీతారత్నం పాలు కాచి వచ్చేసరికి అక్క లేదు. వీధి చివరిదాకా పరుగెత్తింది. సందుసందూ వెతికింది. చివరికి సంస్థ వాచ్‌మన్ ఆమెను ఆటోలో ఎక్కించుకుని తెచ్చాడు. ఇస్త్రీ చీర కట్టుకుని, జడ వేసుకుని, హ్యాండ్‌బ్యాగు తగిలించుకుని డ్యూటీకి వెళ్ళిందట. తన టైపు మిషను ఎవరు తీశారని అడిగిందట.

"నన్ను లేటుగా వచ్చేనని అంటారేమో చూడు," అని గొణుగుతూనే ఉంది ఇంట్లోకొచ్చాక కూడా.

ఇక ఇప్పుడు అనుమానమేముంది, మరుపు కళ్ళకు కట్టినట్టుంది, బిళ్ళ ఇచ్చి తీరతారనుకుని సీతారత్నం అక్కని మళ్ళీ పై అంతస్తుకి తీసుకెళ్ళింది.

"సంస్థ స్థాపన జరిగిన సంవత్సరం?" అన్నారు విరూపాక్షరావుగారు.

భ్రమరాంబ ఆయన్ని ఎగాదిగా చూసింది. "మీరు కొత్తగా చేరేరా?"

"ఆదర్శ వాక్యం?"

"డిక్టేషన్ ఇవ్వండి. రాసుకుంటాను." ఆమె బల్ల మీద పెన్ను కోసం వెతికింది.

పది ప్రశ్నలూ అలాగే అయ్యాయి. డాక్టరుగారు విచారంగా తలూపారు.

"స్మృతి శూన్యత. పోయినసారి పది, ఈసారి సున్న. ఇంత పతనం నేనెక్కడా చూడలేదు. మాత్ర ఈవిడ పట్ల ఫలించలేదు."

"మాత్ర ఇస్తే కదండీ ఫలించడానికి! మీరే కదా ఆపేసేరు!"

"అమ్మా, ఈ స్థాయిలో మాత్రనిస్తే ఫలితం ఉండదు. ఫలితం లేనివారికి మాత్రనిస్తే మాత్రకి చెడ్డపేరు వస్తుంది. గణాంకాలు దెబ్బతింటాయి. అంచేత స్మృతి శూన్యులకు మాత్ర నిషేధం."

"జ్ఞాపకం ఉంటే అక్కర్లేదు, లేకపోతే పనికిరాదు. మరి ఎవరికండీ ఇస్తారు?"

"మధ్యస్థులకు." ఆయన ఓపిగ్గానే చెప్పారు. "అయినా అప్పీలుకు అవకాశం కల్పించాం. లబ్ధిదారు స్వయంగా, స్వదస్తూరితో, తాను మరిచిపోయిన విషయాలను సవివరంగా పేర్కొంటూ దరఖాస్తు చేసుకోవాలి."

"మర్చిపోయినవన్నీ గుర్తు తెచ్చుకుని రాయాలాండీ?"

"సవివరంగా. ఏదీ వదలకూడదు."

"రాస్తే?"

"రాయగలిగితే ఆమె స్థాయిని పునఃపరిశీలించి పూర్ణ స్మృతిలోకి మారుస్తాం."

సీతారత్నం అక్కని లేపి కిందికి తీసుకొచ్చింది. మెట్ల దగ్గర కూర్చోబెట్టి, తను గోడకి ఆనుకుని నిలబడిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. కోపంతోనా దుఃఖంతోనా అంటే ఆమెకే తెలియదు. తాతాజీ కిటికీ మూసి పక్క తలుపులోంచి వచ్చాడు.

"అమ్మగారూ, ఒక మాట చెప్తాను, ఏమనుకోకండి. మీకూ కార్డుంది కదండి?"

"ఆశ్రితుల కార్డు."

"ఆశ్రితులకీ ఇస్తున్నారండి. అరవై దాటితే చాలండి. షుగరు ఉండాలని ఎక్కడా లేదండి. మధ్యస్థ మరుపు మాత్రం ఉండాలండి, ఆయ్."

"నాకే మరుపూ లేదయ్యా."

"నేర్పిస్తున్నారు కదండీ," అన్నాడు తాతాజీ. "గున్నేశ్వరరావుగారు."

గున్నేశ్వరరావుగారు ఆ సంస్థలో అకౌంట్సు ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. పెన్షనర్ల సంఘం హాల్లో సాయంత్రం పూట క్లాసులు చెబుతున్నారు. సీతారత్నం వెళ్ళేసరికి హాలు నిండుగా ఉంది. బ్లాక్‌బోర్డు మీద పది ప్రశ్నలూ, పది జవాబులూ రాసి ఉన్నాయి. నాలుగింటి చుట్టూ ఎర్ర సుద్దతో గుండ్రాలు చుట్టి ఉన్నాయి.

"ఎర్ర గుండ్రాలు మర్చిపోవలసినవి," అన్నారు గున్నేశ్వరరావుగారు బెత్తంతో చూపిస్తూ. "తెల్లవి గుర్తుండవలసినవి. ఏవి మర్చిపోవాలో బాగా గుర్తుపెట్టుకోండి. అది మర్చిపోయేరంటే మొత్తం పోయిందన్నమాటే."

ఆయన పద్ధతి చాలా శాస్త్రీయంగా ఉంది. ప్రశ్న అడగ్గానే తెలియదనెయ్యకూడదు. అలా అంటే మొండితనం కింద వస్తుంది. ముందు పైకి చూడాలి. తర్వాత నుదురు రుద్దుకోవాలి. "నోటి దాకా వచ్చిందండి" అనాలి. ఆఖర్న నవ్వాలి. ఏడవకూడదు. ఏడిస్తే స్మృతి శూన్యత కింద రాసేస్తారు.

ముందు వరసలో ఒక పాత లాంచీ డ్రైవరున్నాడు. పాపం ఆయనకి మరుపు పట్టుబడటం లేదు. స్థాపించిన సంవత్సరం ఎర్ర గుండ్రంలో ఉంది. ఆ ప్రశ్న వినపడగానే నోరు జారి జవాబు చెప్పేస్తున్నాడు.

"ఏం చెయ్యమంటారండీ, ఆ ఏడే నేను పుట్టేను," అని వాపోయాడు.

"పుట్టిన ఏడు కూడా మర్చిపోండి. సాధన చెయ్యాలండీ, సాధన! మరుపు ఊరికే వస్తుందా?" అని కసిరారు గున్నేశ్వరరావుగారు.

అక్కడున్నవాళ్ళలో సగంమందికి నిజంగానే షుగరుంది. తమకు రావలసిన బిళ్ళ తాము తెచ్చుకోవడానికి సాయంత్రాలు కూర్చుని మరుపు నేర్చుకుంటున్నారు. మిగతా సగానికి షుగరు లేదు. ఉత్సాహం ఉంది. వాళ్ళు బిళ్ళ వేసుకుని కడుపు తిప్పుతోందని, అంటే మెదడు మీద పని మొదలెట్టినట్టేనని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు.

సీతారత్నం చురుకైనది. నాలుగు సాయంత్రాల్లో చక్కగా మరిచిపోవడం వచ్చేసింది. గున్నేశ్వరరావుగారు ఆమెను ముందుకు పిలిచి, "నుదురు రుద్దుకోవడం చూడండి, ఎంత సహజంగా ఉందో," అని మెచ్చుకున్నారు కూడా.

ఈలోగా పై అంతస్తులో అనుమానం పుట్టింది. పరీక్షకొచ్చిన ప్రతివారికీ సరిగ్గా ఆరే మార్కులొస్తున్నాయి. అందరూ అవే నాలుగు మరిచిపోతున్నారు. విరూపాక్షరావుగారు ముందు దీన్ని వృద్ధుల మెదడులో ఒక సార్వజనీన ధర్మంగా భావించి వ్యాసం రాయబోయారు. తర్వాత క్లాసుల సంగతి ఎవరో ఆయన చెవిలో వేశారు. వెంటనే మరో ఉత్తర్వు: "కొన్ని అవాంఛనీయ ధోరణులు గమనింపబడినందున, ఇకమీదట వ్యక్తిగత స్మృతిని మాత్రమే పరీక్షించడమగును."

ఈ సంగతి సీతారత్నానికి తెలియదు. అక్కని ఒంటరిగా ఇంట్లో వదల్లేక వెంటబెట్టుకుని, మరిచిపోవలసిన నాలుగూ మనసులో అనుకుంటూ మెట్లెక్కింది.

"కూర్చోండమ్మా. మీరు ఉండే వీధి?"

ఇది బ్లాక్‌బోర్డు మీద లేదు. ఆమె తెల్లబోయి, నిజం చెప్పేసింది.

"ఈ రోజు వారం?"

చెప్పేసింది. అడిగినదానికి జవాబు చెప్పకుండా ఊరుకోవడం ఆమెకు పుట్టి బుద్ధెరిగాక అలవాటు లేదు. పొద్దున్న ఏం వండారంటే దొండకాయ వేపుడని చెప్పింది. పుట్టిన ఊరడిగితే కోరుకొండని చెప్పింది. మధ్యలో తెలివి తెచ్చుకుని, పెళ్ళయిన ఏడాది అడిగినప్పుడు పైకి చూసి నుదురు రుద్దుకుంది. మామగారి పేరుకీ అదే చేసింది. కాని పాలవాడి పేరుకి మళ్ళీ జారిపోయింది. చివరి ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి జవాబులు ఏడయ్యాయి. ఇంకొక్కటి చెబితే పూర్ణ స్మృతి.

డాక్టరుగారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"మీ తోబుట్టువు పేరు చెప్పండి."

సీతారత్నం పక్కకి చూసింది. అక్క కుర్చీలో కాళ్ళు దగ్గరికి పెట్టుకుని, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగుతో కూర్చుని ఉంది. పెదాలు ఎండిపోయాయి. మోచేతి మీద దెబ్బ ఇంకా పూర్తిగా మానలేదు. సీతారత్నం మాటలు నేర్చేటప్పుడు మొట్టమొదట అన్న మాట అమ్మ కాదట, 'బమ్మ' అట. భ్రమరాంబ అని పలకలేక.

గున్నేశ్వరరావుగారు నేర్పిన పద్ధతిలో పైకి చూడాలనుకుంది. చూడలేకపోయింది. నుదురు రుద్దుకోవడానికి చెయ్యి లేవలేదు.

"గుర్తులేదండి," అంది నేల వైపు చూస్తూ.

డాక్టరుగారి మొహం వికసించింది.

"సొంత తోబుట్టువే! పక్కనే ఉండగా! చాలా స్వచ్ఛమైన మధ్యస్థ మరుపు," అని రాసుకోసాగారు.

అప్పుడు భ్రమరాంబ కదిలింది. అన్ని వారాలుగా మసకబారి ఉన్న ఆమె మొహంలోకి ఒక్కసారిగా భయం వచ్చింది. భయంతో పాటు తెలివీ వచ్చింది. కుర్చీ జరుపుకుని చెల్లెలి గెడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"ఓసే సీతా! నా పేరు మర్చిపోయేవా? నేనే, భ్రమరాంబనే! మీ అక్కని! ఇలా చూడు నా వైపు!"

సీతారత్నం ఏడవకూడదని గట్టిగా పెదవి కొరుక్కుంది. ఏడిస్తే శూన్యత కింద రాసేస్తారు.

"పక్కవారు అందించిన సమాధానం పరిగణింపబడదు," అన్నారు డాక్టరుగారు తల ఎత్తకుండా. సంతకం చేసి చీటీ చేతికిచ్చారు. "నెల నెలా పరీక్షకి వచ్చి తీసుకోవచ్చు."

తాతాజీ బిళ్ళలు కవరులో వేసి, కళ్ళతోనే నవ్వి ఇచ్చాడు. రోడ్డు దాటేటప్పుడు రోజూ చెల్లెలు అక్క చెయ్యి పట్టుకునేది. ఆ రోజు భ్రమరాంబ చెల్లెలి మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"నా చెయ్యి వదలకు. ఎటైనా పోగలవు," అంది.

ఇంటికొచ్చి అన్నం పెట్టి, సీతారత్నం బిళ్ళ తీసి అక్క చేతిలో పెట్టింది. భ్రమరాంబ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇవి నీకిచ్చేరు కదే. నీకు మరుపట. ముందు నువ్వేసుకో."

"ఇది నీ షుగర్ బిళ్ళే అక్కా. నీ కోసమే తెచ్చేను."

"నాకు తెలీదనుకున్నావా? డాక్టరు నీ పేరు మీదే రాసేడు. నీ మందు నేను మింగితే నీ గతేంటి?"

ఎంత చెప్పినా వినలేదు. రెండు నెలల తంటాలూ, నేర్చుకున్న మరుపూ, ఆడిన అబద్ధమూ అన్నీ ఆ మూసిన గుప్పిట దగ్గర ఆగిపోయాయి. చివరికి సీతారత్నం అలమరలోంచి తను వేసుకునే బి కాంప్లెక్సు బిళ్ళ తెచ్చింది.

"ఇద్దరికీ రాసేరు. ఇదిగో, నీది నువ్వేసుకో, నాది నేనేసుకుంటాను."

భ్రమరాంబ వెంటనే వేసుకోలేదు. చెల్లెలు మింగేదాకా చూసి, నోరు తెరవమని, నాలుక కింద కూడా చూసి, అప్పుడు వేసుకుంది.

కొన్ని వారాలకి షుగరు దిగింది. దాహం తగ్గింది. పట్టపగలు కునికిపాట్లు పడటం మానేసింది. హ్యాండ్‌బ్యాగు తగిలించుకుని డ్యూటీకి వెళ్ళడం కూడా ఆగింది. మునుపటి మరుపు మాత్రం మునుపటిలాగే ఉంది. ప్రైవేటు డాక్టరు ఆమెను చూసి, "షుగరు చేసిన చెరుపు పోయింది. వయసు చేసింది ఉంటుందమ్మా. దానికి నా దగ్గర బిళ్ళ లేదు," అని ఉన్నమాట చెప్పాడు.

విరూపాక్షరావుగారి నివేదిక ఆ ఏడాది చివర్లో వెలువడింది. మాత్ర తీసుకుంటున్నవారిలో ఒక్కరి స్మృతి కూడా దిగజారలేదు. మొదట ఎంతమంది మధ్యస్థులో చివరికి కూడా అంతమందే మధ్యస్థులు. ఎందుకు కారు? దిగజారితే శూన్యత, మెరుగైతే పూర్ణత, రెంటిలో దేనికీ బిళ్ళ లేదు. మధ్యలోనే నిలబడి ఉండటానికి వాళ్ళంతా ప్రతినెలా ఎంత కష్టపడ్డారో గున్నేశ్వరరావుగారికి తెలుసు. ఆయన వ్యక్తిగత స్మృతికి కూడా కొత్త సిలబస్ తయారుచేశారు. నివేదికలో మాత్రం ఆ నిలబడటాన్ని 'స్మృతి స్థిరీకరణలో నూటికి నూరు శాతం విజయం' అన్నారు. ఆ విజయానికి విరూపాక్షరావుగారికి ఒక శాలువా, ఒక జ్ఞాపిక ఇచ్చారు. పదోన్నతి కూడా ఇచ్చి హైదరాబాదు పంపారు. అక్కడైతే సదస్సులు దగ్గర.

ఆయన స్థానంలో వచ్చిన డాక్టరుగారు, షుగర్ బిళ్ళ జ్ఞాపకాల పట్టికలో ఎందుకుందని అడిగారు. ఎవరూ చెప్పలేకపోయారు. బిళ్ళ మళ్ళీ చక్కెర పట్టికలోకి, కిందికి, తాతాజీ చేతికి వచ్చేసింది. బిళ్ళ కోసం పైన పెట్టిన స్మృతి సంరక్షణ విభాగాన్ని మాత్రం తీసెయ్యలేదు. దానికి బోర్డు ఉంది, ప్యూను ఉన్నాడు, ఫోను ఉంది. ప్యూను ఇప్పటికీ వేళకి వచ్చి తాళం తీసి కూర్చుంటున్నాడు.

ఇప్పుడు భ్రమరాంబకి తన పేరు మీదే తన బిళ్ళ వస్తోంది. ఇక నాటకం అక్కర్లేదని సీతారత్నం ఒకరోజు అక్కని కూర్చోబెట్టి ఉన్నదంతా చెప్పింది.

"నాకే మరుపూ లేదే అక్కా. బిళ్ళల కోసం అలా అన్నాను. నీ పేరు నేనెలా మర్చిపోతాను?"

భ్రమరాంబ జాలిగా విని తల నిమిరింది.

"మరుపున్నవాళ్ళంతా లేదనే అంటారే," అంది.

ఆమెకి చాలా విషయాలు నిలవవు. నిన్న ఎవరొచ్చారో తెలియదు. ఈ పూట ఏం తిన్నదో తెలియదు. ఆ గదిలో చెల్లెలు అన్న ఆ ఒక్క మాట మాత్రం ఎక్కడ పాతుకుపోయిందో, ఏ రోజూ చెదిరిపోలేదు. తెల్లారగానే చెల్లెలి మంచం దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. కాఫీ అక్కడికే తెప్పించుకుంటుంది. చెల్లెలి మొహంలోకి వంగి, హెడ్ టైపిస్టు కొత్తగా చేరిన పిల్లకి పని నేర్పినట్టు ఒక్కొక్క అక్షరం విడదీసి చెబుతుంది.

"భ్ర మ రాం బ. నేను నీకు అక్కని. ఏదీ, ఒకసారి అను."

"భ్రమరాంబ," అంటుంది సీతారత్నం.

"ఆఁ. మళ్ళీ మర్చిపోకు."

మొన్న అలాగే చెప్పి, అనిపించుకుని, కాఫీ గ్లాసు పట్టుకుని కాసేపు ఆగింది. చెల్లెలి మొహం పరీక్షగా చూసింది. ఏదో వెతుకుతున్నట్టు పైకి చూసింది. నుదురు రుద్దుకుంది.

"మరి నీ పేరేంటే?" అంది.

సీతారత్నం చెప్పింది.

"అదే, నోటి దాకా వచ్చింది," అని నవ్వింది భ్రమరాంబ. "పోనీలే. నాది నువ్వు గుర్తుపెట్టుకో, నీది నేను గుర్తుపెట్టుకుంటాను," అంటూ కాఫీ గ్లాసు చెల్లెలి చేతికిచ్చింది.